మూడో రంధ్రం

పరాంకుశానికి మొదటి రోజే ఆ కారు మీద అనుమానం వచ్చింది. రెండో రోజు కారు యజమానురాలి మీద వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నానికి సాక్షాత్తూ గురువుగారి మీదే వచ్చి కూర్చుంది.

గురువంటే ఉస్తాద్ జహూర్ మియా. చాదర్‌ఘాట్ వంతెన దిగాక ఎడమ పక్కన ఆయన రేకుల షెడ్డు. పాత విదేశీ కారును చూసి, అది కార్ఖానాలో పుట్టినట్టే ఉందా, మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టారా చెప్పడంలో ఆయన మాటకు ఊళ్లో తిరుగులేదు. పరాంకుశం నాలుగేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఈమధ్య ఉస్తాద్ ఒక పద్ధతి పెట్టాడు. కారు గురించి కాగితం శిష్యుడే రాయాలి. తను కింద సంతకం మాత్రం పెడతాడు. శిష్యుడు రాయనిదాని మీద పెట్టడు.

ఆ పద్ధతిలో పరాంకుశం రాయాల్సిన మొదటి కాగితం ఇదే.

కారు ఇటలీది. పేరు సెరెల్లా. రెండే తలుపులు, నేలకు ఆనుకుని పరుగెత్తే బండి. అప్పట్లో రెండు రకాలుగా వచ్చింది. మొదటి రకానికి వెనక దీపాలు పొడుగ్గా ఉంటాయి, ఒక్కో దీపాన్ని మూడు స్క్రూలతో బిగిస్తారు. రెండో రకానికి గుండ్రటి దీపాలు, రెండేసి స్క్రూలు. ఇలా రెండింటికీ తేడాలు నలభై ఒకటి. పరాంకుశానికి అవన్నీ కంఠతా వచ్చు. అడక్కపోయినా అప్పజెబుతాడు.

ఈ కారు నంబరు చూస్తే మొదటి రకం. ఇంజను చూసినా మొదటి రకమే. కానీ వెనక దీపాలు గుండ్రంగా ఉన్నాయి. స్టీరింగ్ వెనక మీటర్లు మూడుండాల్సిన చోట రెండే ఉన్నాయి. నలభై ఒకటిలో ముప్ఫై మూడు ఒక రకానివి, ఎనిమిది ఇంకో రకానివి. రెండు పాడైన కార్లు కోసి ఒకటిగా అతికించారని పరాంకుశం తేల్చేశాడు.

కారు హోమాయ్ కాపాడియా గారిది. సికింద్రాబాద్ పార్సీ ఆవిడ, ఎనభై దాటాయి. భర్త ఫరాముర్జ్ గారు పెళ్లికి ముందే ఇటలీ వెళ్లి, కార్ఖానా గుమ్మంలో నిలబడి దీన్ని తెచ్చుకున్నాడట. ఇక్కడి కార్ల క్లబ్బు వాళ్లు మాత్రం దీపాలు చూసి నవ్వారు. కిచిడీ బండి అన్నారు. ఎవరో ఆయన్ని మోసగాడని కూడా అన్నారు. ఆయన ఆ రోజు కారుకు గుడ్డ కప్పాడు. మళ్లీ క్లబ్బు గడప తొక్కలేదు. రెండేళ్ల కిందట పోయాడు. ఇప్పుడు ఆ క్లబ్బే యాభయ్యో వార్షికోత్సవం చేస్తోంది. అసలు సిసలు కార్లకే ప్రవేశం, ఉస్తాద్ సంతకమున్న కాగితం తెస్తే చాలన్నారు. ఆదివారం ఆ కారు క్లబ్బు గేటు లోపలికి వెళ్లాలని హోమాయ్ గారి పట్టుదల.

"ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు బాబూ. వంట ఎలా ఉందంటే కూడా నిజమే చెప్పేవాడు" అంది ఆవిడ. "దీపాలు అయిపోయాయని పదకొండు రోజులు కూర్చోబెట్టారంట అక్కడ."

పరాంకుశం తలూపి, తన పుస్తకంలో 'కట్టుకథ' అని రాసుకున్నాడు. అంత పెద్ద కార్ఖానాలో దీపాలు అయిపోవడమేమిటి?

వెళ్తూ వెళ్తూ ఆవిడ ఉస్తాద్‌కు ఒక డబ్బా మావా కేకులు, పాలకోవాతో చేసినవి, ఇచ్చింది. ఉస్తాద్ అక్కడికక్కడే రెండు తిన్నాడు. అది పరాంకుశం రాసుకోలేదు గానీ, చూశాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఉస్తాద్ అడిగాడు. "కాగితం రాసినవా?"

"నకిలీ అని రాస్తున్న ఉస్తాద్."

"అతుకు దొరికిందా?"

"దొరకలే."

"మరి?"

"దొరకలేదంటే ఎంత పకడ్బందీగా దాచిన్రో చూడున్రి!"

"అయస్కాంతం పెట్టినవా?"

"పెట్టిన. అంతటా పట్టుకుంది, అతుకులు పూడ్చే లప్పం లేదు. లప్పమైతే తెలిసిపోతదని రేకే అతికించి ఉంటరు. మామూలు దొంగలు కారు ఉస్తాద్ వీళ్లు."

ఉస్తాద్ గడ్డం గోక్కున్నాడు. "అమ్మ ఇచ్చిన కేకు తిన్నవా?"

"నేను తినలే. మీరు తిన్నరు."

అనేశాడు పరాంకుశం. నాలుగేళ్లలో ఆయన ముందు ఎన్నడూ అలా మాట్లాడలేదు. బయటికి పొమ్మంటాడనుకున్నాడు. పొమ్మంటే పోతాను గానీ అబద్ధం రాయను అని లోపల్లోపల బిగదీసుకున్నాడు కూడా.

"తిన్న" అన్నాడు ఉస్తాద్. "మంచిగుండె. సరే, ముందు ఆ అంబాసిడర్ తలుపు బిగించి పంపు. పాపం, సార్ నిలబడ్డడు."

గుమ్మం దగ్గర లెక్చరర్ ప్రభంజనరావు నిలబడి లేడు, గెంతుతున్నాడు. రెండున్నర రైలుకు అత్తగారు దిగుతోంది. ఆవిడ చేత ప్లాట్‌ఫారం మీద ఎదురుచూపులు చూయించిన అల్లుడిగా మిగిలిపోవడం ఆయనకు ఇష్టం లేదు. తలుపు లోపలి అట్టను ఎనిమిది స్క్రూలతో బిగించాలి. పాతవి తుప్పు పట్టిపోయాయి. పరాంకుశం గుండ్రటి తల స్క్రూల డబ్బా తీశాడు. అందులో ఐదే ఉన్నాయి. మొన్ననేగా నింపాను అనుకున్నాడు. గడియారం రెండు దాటింది. పక్క డబ్బాలోంచి బల్లపరుపు తలవి మూడు తీసి, గబగబా బిగించి, "పోనీయున్రి సార్" అన్నాడు.

"ఒక్క నిమిషం" అని ఉస్తాద్ లేచాడు.

టార్చి తీసుకున్నాడు. శిష్యుడి పుస్తకం, పెన్సిలు కూడా తీసుకున్నాడు. తలుపు ముందు గొంతుక్కూర్చుని ఒక్కో స్క్రూనూ వేలితో తడిమాడు. అయస్కాంతం కూడా పెట్టి చూశాడు. ప్రభంజనరావు ఉసూరుమంటూ వాచీ చూసుకుంటున్నాడు. ఉస్తాద్ తీరిగ్గా ఏదో రాసి, పుస్తకం శిష్యుడి చేతిలో పెట్టి, "ఇగ పోనీ సార్" అన్నాడు.

అంబాసిడర్ వెళ్లిపోయింది. పరాంకుశం చదివాడు.

'తలుపుకు స్క్రూలు ఐదు ఒక రకం, మూడు ఇంకో రకం. రెండు బండ్ల ముక్కలు అతికించినట్టు అనుమానం. అతుకు దొరకలేదు. పకడ్బందీగా దాచిన్రు. బిగించినోడు మామూలు దొంగ కాడు.'

పరాంకుశం రెండుసార్లు చదివాడు. చెవులు వేడెక్కాయి. ఉస్తాద్ టీ చెప్పడానికి బయటికి వెళ్లాడు.

పరాంకుశం సెరెల్లా దగ్గరికి వెళ్లాడు. వెనక డిక్కీ తెరిచి, పక్క గోడకు అంటించిన పాత తివాచీ అంచు మెల్లగా ఎత్తాడు. ఇన్ని రోజులూ ఆ పని చెయ్యలేదు. తోచక కాదు, తేల్చేసుకున్నాక ఇంకా చూసేదేముందని.

టార్చి వేశాడు. దీపం వెనక రేకుకు రెండే రంధ్రాలున్నాయి. మూడో రంధ్రం ఉండాల్సిన చోట రంధ్రం లేదు, పూడ్చిన ఆనవాలు లేదు. ఒక చిన్న గుంట ఉంది. రంధ్రం వెయ్యడానికి ముందు గుర్తుగా సుత్తితో మేకు మీద కొడతారే, ఆ గుంట. దాని మీద కార్ఖానా రంగు పడి, గుంట అడుగు దాకా దిగి, అలాగే ఎండిపోయి ఉంది. ఎక్కడా చెక్కు చెదరలేదు.

మూడు రంధ్రాల దీపం కోసం ఎవడో గుర్తు కొట్టాడు. తర్వాత మూడో రంధ్రం వెయ్యలేదు. ఆ పైన రంగు వేశారు. పొడుగు దీపాలు అయిపోయి గుండ్రటివి పెట్టింది కార్ఖానా వాళ్లే.

రెండో దీపం వెనకా చూశాడు. అక్కడా గుంట ఉంది. పరాంకుశం చాలాసేపు డిక్కీలోంచి తల బయటికి తియ్యలేదు. సిగ్గుతో కాసేపు, ఆనందంతో కాసేపు.

ఐదు గంటలకు హోమాయ్ గారు వచ్చింది. చేతిలో మళ్లీ కేకుల డబ్బా. పరాంకుశం కాగితం చేతికివ్వకుండా ఆవిడను డిక్కీ దగ్గరికి నడిపించి, టార్చి పట్టుకుని, ఆ గుంట చూపించాడు. అదేమిటో చెప్పాడు.

ఆవిడ వంగి, చిటికెన వేలు దాని మీద పెట్టింది.

"పదకొండు రోజులు" అంది. కాసేపటికి మెల్లగా, "నేను కూడా సగమే నమ్మాను బాబూ" అంది. "ఆయనకు అది తెలుసు."

పరాంకుశం డబ్బాలోంచి ఒక కేకు తీసుకుని తిన్నాడు. కన్నీళ్లతో కలిసి ఉప్పగా తగిలింది.

కాగితంలో పైన పుట్టుకతోనే అసలుదని రాసి, కింద దీపాల సంగతీ గుంటల సంగతీ చూసినవి చూసినట్టు రాశాడు. ఉస్తాద్ అద్దాలు పెట్టుకుని చదివి, సంతకం పెట్టాడు. ఆవిడ కాగితాన్ని మడవకుండా రెండు చేతులతో పట్టుకుని వెళ్లింది.

షెడ్డు మూసే ముందు ఉస్తాద్ లాల్చీ జేబులో చెయ్యి పెట్టి, మూడు గుండ్రటి తల స్క్రూలు తీసి పరాంకుశం అరచేతిలో పెట్టాడు.

"పొద్దుగాల లెక్చరర్ సార్ ఇంటికి పోయి ఇవి బిగించి రా."

"అవి కూడా గట్టిగనే ఉంటయి కదా ఉస్తాద్?"

"ఉంటయి బేటా" అన్నాడు ఆయన, తాళం వేస్తూ. "యాభై ఏండ్లకు ఇంకో పరాంకుశం వస్తడు."