వీపు మీద హనుమంతుడు

చెంగల్రాయుడు కలాలన్నీ గుడ్డలో మూటగట్టుకుని గురువుగారింటికి వచ్చాడు. తమ్ముడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి పనికి వెళ్ళిపోయాడు.

ఇరవై ఏళ్ళుగా కాళహస్తిలో ఈ గురువు కుప్పయ్య దగ్గరే కలంకారీ బొమ్మలు వేస్తున్న మనిషి. నీటికాసులు ముదిరి, ఆ వేసవిలో రెండో కన్ను కూడా పోయింది. ఇక చూపు రాదని డాక్టర్లు తేల్చి చెప్పారు.

"ఇవి ఎవరికైనా ఇచ్చెయ్యండి అయ్యా," అంటూ మూట ముందుకు జరిపాడు. "నా పని అయిపోయింది."

కుప్పయ్య మూట ముట్టుకోలేదు. చొక్కా విప్పి, అతని ముందు వీపు పెట్టి కూర్చున్నాడు.

"నా వీపు మీద వేలితో హనుమంతుణ్ణి గియ్యి."

"మీ వీపు మీదనా?"

"గియ్యి నాయనా. కార్తీకం చలి, త్వరగా కానీ."

చెంగల్రాయుడు కిరీటంతో మొదలుపెట్టాడు. దవడ, భుజం, గద. మొదట్లో వేలు ఆగి ఆగి దారి వెతుక్కుంది. నడుము దగ్గరికి వచ్చేసరికి ఆగకుండా సాగింది. తోక పైకి లేచి, తల చుట్టూ తిరిగి ఆగింది.

కుప్పయ్య చొక్కా వేసుకుని ఇటు తిరిగాడు.

"తోక ఎడమ చెవి మీదుగా తిప్పావు. నేను నేర్పింది కుడి పక్క నుంచి కదా."

"అట్లయితే ఇంకా బాగుంటుందనీ..."

"ఇరవై ఏళ్ళుగా ఇదే మాట. ఈ మొండితనం నీ కళ్ళదనుకున్నా. చేతిదన్నమాట."

చూపు పోయాక చెంగల్రాయుడు నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"వీపు మీద వెన్నూ భుజాలూ చేతికి తగిలాయి కాబట్టి తెలిసింది. గుడ్డ మీద ఎక్కడున్నానో ఎట్లా తెలుస్తుంది అయ్యా?"

"నాకూ తెలీదు," అన్నాడు కుప్పయ్య. "చూద్దాం."

ఆ చలికాలమంతా ఇద్దరూ తంటాలు పడ్డారు. కుప్పయ్య గుడ్డ అంచుల వెంట దారంతో కుట్లు వేశాడు. బొమ్మ తల వచ్చేచోట ఒక ముడి, పాదాల చోట ఒక ముడి. చెంగల్రాయుడు ఎడమచేతి వేలు ముడి మీద ఉంచి, కుడిచేత్తో కలం నడిపాడు. మొదటి గుడ్డ మీద గీత మీద గీత పడింది. రెండోదాని మీద తడి రంగు చేతికింద అలుక్కుపోయింది. గీసినంత మేర ఆరేదాకా ఆగడం అప్పుడు నేర్చుకున్నాడు. రంగుల్ని వాసనతో పోల్చుకునేవాడు. ఇనుపముక్కలు బెల్లంనీళ్ళలో ఊరిన నలుపుది పుల్లటి వాసన, కరక్కాయ పువ్వు పసుపుది వేరే.

చూడ్డానికి వచ్చినవాళ్ళు జాలికొద్దీ పాడైపోయిన గుడ్డల్ని కూడా ఎంతో బాగున్నాయనేవాళ్ళు. ఆ మాటలు విన్న రోజు అతనికి అన్నం సయించేది కాదు.

మాఘంలో ఒక గుడ్డ పూర్తయింది. కుప్పయ్య దాన్ని స్వర్ణముఖి ఏట్లో జాడించి, ఇసుక మీద ఎండకు పరిచాడు. ఆరాక దాని చుట్టూ మెల్లగా నడిచాడు. ఇసుకలో ఆయన అడుగుల చప్పుడు వింటూ చెంగల్రాయుడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

అడుగులు ఆగాయి.

"నలుపు పల్చనైంది," అన్నాడు కుప్పయ్య. "ఇంకో రెండు రోజులు ఊరనియ్యాల్సింది. తొందరెక్కువ నీకు."

చెంగల్రాయుడు ఊపిరి వదిలాడు. ఒళ్ళంతా తేలికై, ఇసుకలో అక్కడే కూర్చుండిపోయాడు.

"రేపు కొత్త గుడ్డ పరుస్తారా అయ్యా?"

"నువ్వే పరుచుకో. నాకు వేరే పనుంది."