నలభై రోజులు ఏమీ తినని నక్క

"ఏం తిన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి చాలు. నిజం చెప్పినవాళ్ళ గాడిలోంచి ఒక్క పరక కూడా తగ్గదు. ఇది నా మాట."

ఉగాది నాడు, మూతబడిన బియ్యం మిల్లు వరండాలో నిలబడి నక్క ఇచ్చిన మాట ఇది. విన్నవాళ్ళందరూ తలలూపారు. ఏడు నెలలు నిండిన చూడి గేదె నీలవేణి అందరికంటే ఎక్కువగా ఊపింది. ఆ ఎండాకాలం తన మేత గాడితో ఆమెకి ఉన్నంత పని ఇంకెవరికీ లేదు. కడుపులో దూడ ఏరువాకకి నేల మీద పడాలి. అప్పటిదాకా ఇద్దరికీ సరిపడా తినాలి.

ఆ మిల్లు అడవి అంచున ఉంది. మనుషులు దానికి తాళం వేసి, తాళంచెవిని ఎక్కడో పారేసుకుని, మిల్లునే మరిచిపోయారు. ఒక పక్క గోడ కూలితే అందులోంచి ఎద్దులు, గేదెలు, మేకలు, ఒక గాడిద లోపలికి వచ్చి కాపురం పెట్టాయి. కోతల రోజుల్లో పొలాల్లో మిగిలిన గడ్డిని అందరూ వీపుల మీద మోసుకొచ్చి మిల్లు వెనకాల పెద్ద వామి వేశారు. వానలు పడేదాకా దాని మీదే బతకాలి. నక్క ఒక్క పరక కూడా మోయలేదు. గడ్డి తిననివాడు కాపలా ఉంటేనే గడ్డి భద్రంగా ఉంటుందని చెప్పి, వామి ముందు కూర్చుంది. మోసినవాళ్ళు అడిగి తినడం, మోయనివాడు పెట్టడం ఆ రోజు నుంచి మొదలైంది. అది వింతగా ఎవరికీ తోచలేదు.

నక్క తెచ్చిన పద్ధతి తేలికైనది. మిల్లు గోడకి సున్నం వేసిన చోట ఒక్కొక్కరికి ఒక్కో గడి. పొద్దు వాలే వేళ వడ్రంగిపిట్ట వచ్చి, ఈ రోజు ఎన్ని పనల గడ్డి తిన్నావని అడిగి, పనకి ఒక గీత చొప్పున ముక్కుతో గీస్తుంది. ఏం తింటున్నామో కళ్ళ ముందుంటే ఒళ్ళు మన చేతిలో ఉంటుందని నక్క అంది. మొదటి గడి తనకే గీయించుకుంది.

"మరి మీరేం తిన్నారు?" అని వడ్రంగిపిట్ట మొదటి సాయంత్రమే అడిగింది.

"నాదేముంది? మీ అందరి కడుపులూ నిండాక చూద్దాం," అంది నక్క.

గీత పడలేదు. మేకపోతుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోడ్డు గోడల మీది పోస్టర్లు తిని పెరిగిన మేకపోతు అది. మైదా జిగురుతో పాటు నినాదాలు కూడా దాని కడుపులోకి పోయాయి. "త్యాగధనుల బాట, అదే మన బాట," అని అరిచింది. ఏ పోస్టరుదో దానికీ గుర్తులేదు.

నిజం చెప్పాలంటే మొదటి రోజుల్లో గోడ మేలే చేసింది. మేకపోతుకి నాలుగు రోజులకోసారి కడుపు ఉబ్బరం. గీతలు చూసుకుంటే, పోస్టర్లు తిని గడ్డి గీతలు తగ్గిన రోజులూ ఉబ్బరం వచ్చిన రోజులూ ఒకటేనని తేలింది. పోస్టర్లు మానేసింది. కడుపు నెమ్మదించింది, నినాదాలూ కొంచెం తగ్గాయి. నీలవేణి కూడా తన గడి చూసుకుని, వాగు గట్టున పచ్చిగడ్డి దొరికిన రోజు కడుపులో దూడ ఎక్కువ కదులుతోందని కనిపెట్టింది. ఆ పూట నుంచి ఎండలో అంత దూరమూ నడిచి వెళ్ళి వస్తోంది. తిన్నది గుర్తుపెట్టుకోవడం మంచిదేననుకుంది.

పదో రోజు మధ్యాహ్నం నీలవేణి నీడలో పడుకుని, కళ్ళు సగం మూసి, నెమరు వేసుకుంటోంది. నక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. దవడ వంక కాసేపు చూసింది.

"ఏం నములుతున్నావు చెల్లెమ్మా?"

"పొద్దున తిన్నదే అన్నయ్యా. నెమరు."

"గీయిస్తావా?"

"పొద్దున తిన్నదాని లెక్కలో సాయంత్రం గీయిస్తాను కదా."

"ఇప్పుడు నోట్లోకి వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది."

"నములుతున్నావా, లేదా?"

"నములుతున్నాను."

"మింగుతావా, ఉమ్మేస్తావా?"

నీలవేణి ఆలోచించింది. మింగుతానని ఒప్పుకుంది.

"అయితే ఇంకేం. నోట్లోకి వచ్చిన ప్రతి ముద్దకీ గీత పడాలి. నిజం చెప్పేవాళ్ళకి భయమెందుకు," అని నక్క లేచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నుంచి నెమరు వేసేవాళ్ళందరికీ అదే నియమం. నీలవేణి తినేది ఏడు పనలు. అవే ఏడూ మళ్ళీ నోట్లోకి వస్తాయి. పద్నాలుగు గీతలు పడ్డాయి. ఎద్దులకీ మేకలకీ అంతే, ఎవరి తిండికి వాళ్ళది రెట్టింపు. గాడిదకి నెమరు లేదు. దానికి ఎప్పటిలాగే ఆరు.

ఇరవయ్యో రోజున నక్క అందరినీ గోడ ముందు కూర్చోబెట్టింది. గాడిదని ముందుకు పిలిచి, మెడలో ఎండుటాకుల దండ వేయించి, ఆరు గీతలతో బరువులు మోసే ఆదర్శజీవి ఇదేనని చూపించింది. గాడిద దండలో ఒక ఆకు తినబోయి, గీత పడుతుందని గుర్తొచ్చి మానేసింది.

తర్వాత నక్క నీలవేణి గడి ముందు ఆగింది. పద్నాలుగు తిని రోజంతా పడుకునేవాళ్ళు కూడా మనలో ఉన్నారని, ఎవరి పేరూ ఎత్తకుండా, ఆమె వైపే చూస్తూ అంది. రేపటి నుంచి ఎవరికైనా ఆరు గీతలే.

నీలవేణికి లెక్క అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. నెమరుతో కలిపి ఆరు గీతలంటే గాడిలో పడేది మూడు పనలు.

"నేను తిన్నది ఏడే అన్నయ్యా. మిగతా ఏడూ అవే ఏడు."

"గోడ మీద పద్నాలుగు ఉంది."

"నెమరు గీయించమన్నది నువ్వే."

"గీయించమన్నాను. నమిలింది నువ్వు."

"ఒక్క పరక కూడా తగ్గదన్నావు."

"తగ్గించలేదమ్మా, సరిదిద్దాను," అంది నక్క.

నెమరు దాచిపెడదామంటే వడ్రంగిపిట్ట మధ్యాహ్నమంతా దూలం మీద కూర్చుని దవడలు చూస్తోంది. దాచినవాళ్ళకి ఆ మూడు పనలూ ఉండవని నక్క ముందే చెప్పింది. మూడు పనల మీద నీలవేణి రోజులు లాగింది. వాగు గట్టున పచ్చిగడ్డి మాడిపోయింది. ముప్పయ్యో రోజుకి తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయి. ముప్పై ఎనిమిదో రోజున దూడ కదలలేదు. మర్నాడూ కదలలేదు.

ఆ రోజే నీలవేణి నక్క దగ్గరికి వెళ్ళింది. నక్క వామి నీడలో పడుకుని ఉంది. లేవబోతే దాని పొట్ట అడ్డం వచ్చి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

"నా పక్కటెముకలు చూడన్నయ్యా. లోపల దూడ రెండు రోజులుగా కదలడం లేదు."

"కళ్ళు మోసం చేస్తాయి చెల్లెమ్మా, గోడ మోసం చెయ్యదు. గోడ మీద నువ్వు రోజూ ఆరు తింటున్నావు. ఆరు తినే గాడిదకి ఎముకలు కనబడుతున్నాయా? లేదు. కాబట్టి నీకూ కనబడటం లేదు."

నీలవేణి తిరిగి వస్తూ వామిని చుట్టి నడిచింది. అప్పుడు చూసింది. వామి వెనక భాగం లోపలికి కొరికేసినట్టు తగ్గి ఉంది. అక్కడి నుంచి నక్క బొరియ దాకా గడ్డి పరిచి ఉంది. గడ్డిలో తాలు గింజలు, పక్క దుమ్ములో వాటి కోసం వచ్చిన కౌజు పిట్టల కాలిగుర్తులు. కాలిగుర్తులు బొరియ దాకా వెళ్ళాయి, తిరిగి రాలేదు. బొరియ ముందు ఈకలు.

ఒక తల్లి కడుపులోంచి తీసిన గడ్డిని ఇంకో తల్లి కోసం ఎరగా పరిచారు. దీన్ని పొదుపు అంటున్నారు.

నీలవేణి వెళ్ళి ముసలి ఎద్దుతో చెప్పింది. మిల్లులో సభ కూడితే పెద్ద అదే. పద్ధతంటే ప్రాణం. కాడి కింద ఇరవై ఏళ్ళు నడిచి, గీత దాటని అలవాటు మనసుకి కూడా పట్టింది. అంతా విని, చెప్పింది నిజమే కావచ్చునని, కానీ ఈకలు గోడ మీద లేవని, గోడ మీద లేనిదాన్ని సభలో ఎలా ఎత్తేదని బాధపడింది. వడ్రంగిపిట్టని అడిగితే ఈకలకి గడి లేదంది.

ఆ మధ్యాహ్నం నీలవేణి గోడకి ఎదురుగా పడుకుని ఆ మూడు పనలనే నెమరు వేసుకుంది. గడ్డి తొందరగా అయిపోయింది. నక్క మాట మాత్రం అయిపోలేదు. కళ్ళు మోసం చేస్తాయి, గోడ చెయ్యదు. దాన్నే మళ్ళీ మళ్ళీ నమిలింది. నములుతూ గోడ చూసింది. తన గడి నిండా గీతలు. గాడిదది నిండా గీతలు. మొదటి గడి సున్నం వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

దవడ ఆగింది. నీలవేణి లేచి మేకపోతు దగ్గరికి వెళ్ళింది. సభ పిలవాలి, అందరూ రావాలి, కౌజు పిట్టలు కూడా రావాలి అని చెప్పింది. మేకపోతు నెల రోజులుగా పోస్టరు తినలేదు. అయినా అడుగున మిగిలినదేదో పైకి వచ్చింది.

"ఆకలి అడుగుతోంది, అధికారం జవాబు చెప్పాలి," అంది.

"అలాగే అను అల్లుడూ. కొంచెం గట్టిగా అను," అంది నీలవేణి.

మర్నాడు ఉదయం అందరూ గోడ ముందు చేరారు. కౌజు పిట్టలు దూలాల మీద వరసగా కూర్చున్నాయి. నక్క చివరగా వచ్చి ముందు కూర్చుంది. నీలవేణి లేచి, ఫిర్యాదేమీ లేదని, పద్ధతి గురించి చిన్న సందేహమని అంది. పద్ధతి అన్న మాట వినగానే ముసలి ఎద్దు సర్దుకుని కూర్చుంది.

"అన్నయ్యా, కళ్ళు నిజమా, గోడ నిజమా?"

"గోడే. అందులో సందేహమేముంది?"

"గోడ మీద గీత లేకపోతే తిన్నట్టా, తిననట్టా?"

"తిననట్టే," అనేసింది నక్క. అన్నాక దాని చెవులు నిలబడ్డాయి.

నీలవేణి వడ్రంగిపిట్టని మొదటి గడి చదవమంది. వడ్రంగిపిట్ట ఎగిరి వెళ్ళి, పైనుంచి కిందికి చూసి, నలభై రోజులకి ఒక్క గీత కూడా లేదని చదివింది.

"మైలయ్య మామా, ఏమీ తినకుండా నక్క ఎన్నాళ్ళు బతుకుతుంది?" అని నీలవేణి ఎద్దుని అడిగింది.

ఎద్దు చాలా సేపు ఆలోచించింది. తను చూసినంతలో పది రోజులని, ఎంత గట్టిదైనా పదిహేను దాటదని చెప్పింది. చెప్పి, తను చెప్పినదాన్నే మరోసారి విని, నక్క వైపు తిరిగి విచారంగా చూసింది.

"అయితే మన నక్క పోయి ఇరవై అయిదు రోజులైంది," అంది.

సభలో ఎవరూ నవ్వలేదు. నక్క ఒక్కటే నవ్వబోయింది.

"నేను బతికే ఉన్నాను మామా. ఎదురుగా కూర్చుని ఉన్నాను."

"నాకూ అలాగే కనబడుతోంది నాయనా. కళ్ళు మోసం చేస్తాయని నువ్వే కదా చెప్పావు."

"నేను తిన్నాను. రోజూ తిన్నాను."

"అలాగా," అని వడ్రంగిపిట్ట గోడకి ముక్కు ఆనించింది. "చెప్పండి. మొదటి రోజు నుంచి చెప్పండి. ఏం తిన్నారు?"

నక్క నోరు తెరిచింది. పైకి చూసింది. దూలాల మీద కౌజు పిట్టలు మెడలు వంచి, దాని నోట్లోంచి ఏ పేరు వస్తుందా అని చూస్తున్నాయి. ఒక పిట్ట పక్కన ఖాళీ చోటు వదిలి కూర్చుంది.

నక్క నోరు మూసుకుంది.

ఎద్దు మిగతాది పద్ధతి ప్రకారం నడిపించింది. పదిహేనో రోజున పోయినవాళ్ళు ఇరవయ్యో రోజున ఉత్తర్వు ఇవ్వలేరు కాబట్టి ఆరు గీతల నియమం ఎప్పుడూ లేనట్టేనని తేల్చింది. వామికి కాపలా కూడా ఖాళీ అయినట్టేనంది. పోయిన నక్క సేవలకి రెండు నిమిషాలు మౌనం పాటించమంది. అందరూ తలలు వంచారు. ఏం చెయ్యాలో తోచక నక్క కూడా వంచింది. తర్వాత అది నడుచుకుంటూ వెళ్ళిపోతుంటే ఎవరూ ఆపలేదు. ఎప్పుడో పోయినదాన్ని ఎవరు ఆపుతారు? వామి దగ్గరికి వెళ్ళబోతే మాత్రం రెండు ఎద్దులు దారిలో అడ్డంగా పడుకున్నాయి.

నీలవేణి ఆ పూట ఏడు పనలు తింది. మధ్యాహ్నం నీడలో పడుకుని ఎవరికీ చెప్పకుండా నెమరు వేసుకుంది. గాడిద వచ్చి, తన వాటాలోని ఒక పనని చడీచప్పుడు లేకుండా ఆమె ముందు వదిలి వెళ్ళింది. పొద్దు వాలే వేళకి కడుపులో ఎడమవైపు ఒక తన్ను తగిలింది. నీలవేణి లేచి గోడ దగ్గరికి వెళ్ళి, తన గడిలో తన కొమ్ముతోనే ఒక గీత గీసుకుంది. అది గడ్డికి గీసింది కాదు. ఎందుకు గీసిందో ఎవరూ అడగలేదు, అడిగే హక్కూ ఎవరికీ లేదు.

తన తిండిని తను రాసుకుంటే ఒళ్ళు తెలుస్తుంది, పెత్తనం చేసేవాడు రాయించుకుంటే గాడి ఖాళీ అవుతుంది.

నక్క గడి ఇప్పుడు ఖాళీగా లేదు. మేకపోతు చెప్పగా వడ్రంగిపిట్ట అందులో ఒక నోటీసు చెక్కింది. దారిన పోయేవాళ్ళు చదువుకోవచ్చు.

"స్వర్గీయ నక్క గారికి. మేము మోసిన వామిలోంచి, మా గాడుల్లో తగ్గించి, మీరు తీయించిన గడ్డి ఎంత? దాన్ని ఎవరి కోసం పరిచారు? దాని మీదికి వచ్చినవాళ్ళు ఏమయ్యారు? బతికి ఉంటే సభకి వచ్చి నోటితో చెప్పండి. లేకపోతే ఈ గడిలోనే గీసి చెప్పండి. నీలవేణి దూడ నేల మీద పడే వేళకి మాకు జవాబు కావాలి. గడువు: ఏరువాక పున్నమి, పొద్దు వాలేలోగా."