ఉప్పు వేయని అన్నం

పోర్చుగీసు దొరలు గోవాను ఏలే రోజుల్లో, సముద్రం దగ్గరి ఒక పల్లెలో కైతాన్ అనే దుబాసి ఉండేవాడు. దొర మెచ్చుకుంటే చాలు, ఎవరి కొంప మునిగినా అతనికి పట్టేది కాదు. ఊరివాళ్ల కొంకణి మాటలు దొరలకూ, దొరల మాటలు ఊరివాళ్లకూ చెప్పడం అతని పని. మధ్యలో ఏం కలిపినా, ఏం తీసేసినా అడిగేవాళ్లు లేరు.

ఆ ఊరంతా ఒక తరం ముందే దొరల మతంలోకి మారింది. కొందరు నమ్మి మారారు, చాలామంది భయపడి మారారు. పేర్లు మారాయి, బట్టలు మారాయి. అయినా దొరల అనుమానం తీరలేదు. ఒకనాడు విచారణాధికారి ఒకడు భటులతో ఊళ్లోకి దిగాడు.

"పాత ఆచారాలు దాచుకున్నవాళ్లను పట్టుకోవడం ఎలా?" అని కైతాన్‌ను అడిగాడు.

"తెలియదు దొరా" అంటే సరిపోయేది. కానీ కైతాన్ నోరు ఊరుకుంటేగా!

"చాలా తేలిక దొరా! అన్నం రుచి చూడండి. మీరు అన్నంలో ఉప్పు వేసి వండుకుంటారు. పాత పద్ధతి వదలనివాళ్లు ఉప్పు వేయరు" అన్నాడు.

విన్నారా? ఉప్పు వేయకుండా అన్నం వండడం నేరమట! మన ఇళ్లలో పొద్దునా సాయంత్రం జరిగే పనే కదా అది. ఆ రోజుల్లో దానికి మనుషుల్ని చెరలో వేసేవారంటే, చెప్పడానికే నాకు నోరు రావడం లేదు.

మధ్యాహ్నం భటులు ఇళ్లలో దూరి పొయ్యి మీది కుండలు దింపించారు. ముందుగా కైతాన్ పక్కింటి రోజాలిన్ దొరికింది. భర్త పోయిన మనిషి, ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఆమె కైతాన్ చేయి పట్టుకుంది.

"కూరలో ఉప్పుంది కదా అని అన్నంలో వేయలేదు నాయనా. చేతి అలవాటు, అంతే. నువ్వయినా చెప్పు!"

కైతాన్ దొర వైపు తిరిగాడు. "పాత దేవుళ్ల ఆచారం వదలనంటోంది దొరా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు తడబడను కూడా లేదు! పిల్లలు ఏడుస్తుండగానే భటులు ఆమెను లాక్కుపోయారు.

అధికారి కైతాన్ భుజం తట్టాడు. దాంతో అతనికి నేల మీద కాలు నిలవలేదు. "మా ఇంటికి కూడా దయచేయండి దొరా. నిఖార్సయిన ఇల్లు ఎలా ఉంటుందో చూద్దురుగాని" అని పట్టుబట్టి తీసుకెళ్లాడు.

తల్లి సెరఫీనా గుమ్మంలోకి ఎదురొచ్చింది. "దొర మన ఇంటికొచ్చాడా! కూర్చోమనరా, ఇంత తిని వెళ్లమను" అంటూ తనే అన్నం వడ్డించింది. అధికారి నాలుగు మెతుకులు నోట్లో వేసుకున్నాడు. అతని ముఖం గట్టిపడింది.

కైతాన్‌కు అప్పుడు వచ్చింది అనుమానం. రోజూ ఆ అన్నమే తింటున్నాడు. చేపల పులుసు జోరుగా కలుపుకుని తినేవాడికి మెతుకులో చప్పదనం ఏం తెలుస్తుంది?

"అమ్మా! అన్నంలో ఉప్పు వేయలేదా?"

"అన్నంలో ఉప్పేమిట్రా? పులుసులో ఉందిగా. నువ్వు పుట్టినప్పట్నుంచీ ఇదేగా పెడుతున్నాను!"

కైతాన్ దొర కాళ్ల మీద పడ్డాడు. "ఇది ఆచారం కాదు దొరా! ఒట్టి చేతి అలవాటు! ఇందులో ఏ పాపమూ లేదు!"

"ఆ గుర్తు చెప్పింది నువ్వే" అన్నాడు అధికారి.

"నేను మీ మనిషిని కదా దొరా!"

"నువ్వా?" అని అధికారి నవ్వాడు. నిజంగానే అతనికి నవ్వొచ్చింది. భటులు ముసలామె రెక్క పట్టుకున్నారు. ఆమెకు పోర్చుగీసు ఒక్క ముక్క రాదు. తన వంట దొరకు నచ్చలేదేమో అనుకుంది.

"ఏమంటున్నాడ్రా? కాస్త చెప్పరా కైతానూ!"

ఇన్నేళ్లుగా దొరల మాటలు ఊరందరికీ చెప్పినవాడు, కన్నతల్లికి ఆ ఒక్క మాట చెప్పలేకపోయాడు. ఆమె వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లింది. ఆ చెరలో నుంచి ఆమె మళ్లీ ఇంటికి రాలేదు.

నీతి: పై వాళ్ల మెప్పు కోసం తనవాళ్లను పట్టిచ్చేవాణ్ణి ఆ పై వాళ్లు వాడుకుంటారే తప్ప, ఏనాడూ తమలో ఒకడిగా చూడరు.