సూరన్న వాకిట్లో రెండు పాత ఎస్‌యూవీలు

నేను ఇంతకుముందెప్పుడూ ఏదీ రాసి ఎరగను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

గుమ్మడివలసలో సూరన్న ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనరు గానీ, సూరన్న ఇంటివాళ్ళు మాత్రం రోజూ అనుకుంటారు. సూరన్న, పెళ్ళాం వెంకాయమ్మ, కొడుకు రాజులు, సూరన్న తమ్ముళ్ళిద్దరు, వాళ్ళ పెళ్ళాలు. మొత్తం ఏడు బుర్రలు. కోడలు పైడితల్లి కొత్తగా వచ్చింది కాబట్టి ఆమె బుర్రను ఇంకా లెక్కలో వెయ్యలేదు.

ఆ పైడితల్లికి నెలలు నిండాయి. ఆసుపత్రికి ఘాట్ రోడ్డు దిగి వెళ్ళాలి. "కోడలు కుదుపుల్లేకుండా వెళ్ళాలంటే పెద్దబండి కొనాల్సిందే" అంది వెంకాయమ్మ. అమ్మేవాళ్ళు ఇద్దరు ఒక తెల్లబండి, ఒక నల్లబండి తెచ్చి, ఒక్కరోజు చూసుకోమని వాకిట్లో వదిలి వెళ్ళారు.

మెకానిక్కు పని చేసే మేనల్లుడు కామేశు ఫోన్‌లో చెప్పాడు. "అత్తా, మూడే చూడు. ఏది తక్కువ తాగుతుంది, ఏది బాగా లాగుతుంది, ఎంతమంది కూర్చోవచ్చు."

అంతే. రెండింటికీ ట్యాంకు నిండా డీజిలు పోయించి, నీడన నిలబెట్టి, ఏడుగురూ చుట్టూ కూర్చున్నారు.

"అమ్మా, ఒకసారి నడిపి చూడనా?" అన్నాడు రాజులు. ఇంట్లో బండి నడపడం వాడొక్కడికే వచ్చు.

"ఏటిరా నీ తొందర! తాగేటప్పుడు గొడ్డును ఎవడైనా కదిలిస్తాడా?"

మధ్యాహ్నం దాకా చూశారు. రెండూ చుక్క ముట్టలేదు. "ఎంత పొదుపు బళ్ళే!" అని వెంకాయమ్మ మురిసిపోయింది.

ఇక లాగుడు. కాగితాల్లో తెల్లదానికి నూట నలభై గుర్రాల బలమని, నల్లదానికి నూరని ఉంది. కాగితం మాట కాగితానిదే, కంటితో చూడాలి కదా! రెండు బళ్ళనూ వెనకా వెనకా మోకుతో కట్టారు. రాజులు తెల్లబండి ఎక్కి లాగాడు. ఇంకేముంది, నల్లదాని బంపరు ఊడి పెంటకుప్ప మీద పడింది.

"తెల్లది గెలిచింది!" అని సూరన్న కేక పెట్టాడు.

"ఆగవయ్యా, దానికీ ఒక అవకాశం ఇవ్వాలి. అన్యాయం చేస్తావేటి?" అంది వెంకాయమ్మ. మోకు మార్చి కట్టారు. రాజులు నల్లబండి ఎక్కాడు. ఈసారి తెల్లదాని బంపరు ఊడింది. అంతే, సరిసమానం.

ఇక సీట్లు. తెల్లబండికి ఏడని రాసుంది. ఏడుగురూ ఎక్కి కూర్చుంటే సరిగ్గా సరిపోయింది. "కాగితం అబద్ధమాడలేదు" అని సంబరపడుతుండగా పైడితల్లి నడుం పట్టుకుని వచ్చింది.

"అత్తా, నొప్పులు!"

"అయ్యో తల్లీ! రాజులూ, పోనియ్యరా, ఆసుపత్రికి!"

"మరి నేను?"

"నువ్వు ఎనిమిదోదానివి కదమ్మా. ఇది ఏడుగురి బండి. మేం ముందెళ్ళి డాక్టరమ్మను లేపి ఉంచుతాం."

బండి దుమ్ము రేపుకుంటూ పోయింది. పైడితల్లి ఎదురింటి పాల ఆటోను పిలిచి ఎక్కింది.

ఆసుపత్రిలో నర్సు, "పేషెంటు ఏదమ్మా?" అంది.

"వెనకాల వస్తోందండి. బండి ఆమె కోసమే, చోటే లేదు" అంది వెంకాయమ్మ.

మాట పూర్తికాకముందే ఆటో వచ్చింది. గంటలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

మర్నాడు పొద్దున్నే ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వెంకాయమ్మ బండి పక్కన నిలబడి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తొమ్మిది. ఇద్దరు ఎక్కువ.

"పెద్దదాన్ని, నేను నడిచొస్తాను. ఒరే రాజులూ, బిడ్డ తండ్రివి, ఆమాత్రం త్యాగం చెయ్యలేవా? దిగు."

రాజులు దిగాడు. అందరూ సర్దుకుని కూర్చున్నాక స్టీరింగు ముందు సీటు ఒక్కటే మిగిలింది. వెంకాయమ్మ పసిదాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి అందులో పడుకోబెట్టింది. తలుపు మెల్లగా మూసింది.

"ఘాట్ రోడ్డు, జాగ్రత్తగా పోనియ్ తల్లీ" అని చెప్పి, కొడుకును వెంటబెట్టుకుని ఇంటిదారి పట్టింది.