చెండు బరువు ఎటుందో

ఒక గట్టు మీద ఒక చిన్న ఊరు ఉంది. గట్టు కింద, నది మలుపులో, ఒక పెద్ద కోట ఉంది. గట్టువూళ్లోనూ కోటలోనూ ఆడవాళ్లు చెండాట ఆడతారు. మగవాళ్లు చూస్తారు, అరుస్తారు, ఎలా ఆడాలో చెప్తారు. చెప్పడంలో మాత్రం రెండు చోట్లా ఎవరూ ఎవరికీ తీసిపోరు.

చెండాటలో ఒకతి విసురుతుంది. కొందరు పరిగెత్తి పట్టుకుంటారు. మిగిలినవాళ్లు విసిరేదాని ముందు అడ్డంగా నిలబడి, మీదపడే అవతలి జట్టు దెబ్బలు కాస్తారు. చెండు పట్టుకున్నది అవతలి గీత దాటితే గెలుపు. పాటలన్నీ విసిరేదాని మీద కడతారు. దెబ్బలు కాసేవాళ్లకి పసుపు పట్టీ కడతారు.

గట్టువూళ్లో చెండు విసిరే పిల్ల ఒకతి ఉంది. ఊరు ఆమెను చెండుపిల్ల అనేది. ఆమె ముందు నిలబడి దెబ్బలు కాసే ఆమెను గోడక్క అనేది. గోడక్క మనిషి గోడంత వెడల్పు ఉండేది, నోరు అంతకంటే వెడల్పు.

ఆ ఊళ్లో చెండును బజార్లో తీసుకోరు. ఏటా ఆటలు మొదలయ్యే ముందు ఇంటికొక పాతగుడ్డ తెచ్చి, అందరూ తలా ఒక చుట్టు చుడతారు. గొర్రెలవాళ్లు గొంగళి ముక్క తెస్తారు, నేతవాళ్లు నూలు పేలిక తెస్తారు, కిందటేడు పెళ్లయిన ఇంటివాళ్లు పట్టంచు పీలిక తెచ్చి అది అందరికీ కనబడేలా పైన చుట్టమంటారు. అంతమంది చుట్టిన చెండు గుండ్రంగా ఎందుకుంటుంది? గొంగళి పడ్డవైపు బరువు, నూలు పడ్డవైపు తేలిక. తిన్నగా విసిరితే దారి తప్పుతుంది.

అందుకని చెండుపిల్ల విసిరే ముందు దాన్ని అరచేతిలో ఒకసారి తిప్పి, బరువు ఎటుందో చూసుకునేది. దానికి ఎదురుగా మణికట్టు కొంచెం వంచి విసిరేది. అప్పుడా వంకరచెండు గాలిలో ఒక వంపు తిరిగి, పరిగెత్తేదాని చేతుల్లో బుద్ధిగా కూచునేది.

ఒకటే కొరత. గట్టువూరి ఆటబయలు బహు చిన్నది. మూడు పక్కలా బండలు, నాలుగో పక్క లోయ. కాస్త గట్టిగా విసిరితే చెండు లోయలో పడేది. అందుకని ఆమె ఎప్పుడూ సగం చేత్తోనే విసిరింది. తన చెయ్యి నిండుగా విసిరితే ఎంత దూరం పోతుందో ఆమెకే తెలీదు. ఒక్కోసారి అన్నం కలుపుతూ ఆ చేతికేసి చూసుకునేది, ఎవరిదో చెయ్యి తన దగ్గర దాచినట్టు.

ఆమె విసురు సంగతి కోటలో జట్టును నడిపే ఆటపెద్ద చెవిన పడింది. ఆయన గొడుగు పట్టించుకుని గట్టెక్కి వచ్చాడు, ఒక ఆట చూశాడు, చెమట తుడుచుకున్నాడు.

"మా బయలు చూశావా?" అని అడిగాడు.

"పైనించి చూశానయ్యా. పచ్చగా ఉంటుంది."

"ఈ చివర్నించి ఆ చివరకి ఇంతవరకూ ఎవరూ విసరలేదు. వస్తావా?"

చెండుపిల్ల చెయ్యి చీర కుచ్చిళ్లలో పిడికిలి బిగించుకుంది.

ఆ సాయంత్రం ఊరు రచ్చబండ దగ్గర చేరింది. ఒకడన్నాడు, "మన గుడ్డలతో నేర్చుకుని వాళ్లకి విసురుతుందా?" ఇంకొకడన్నాడు, "ఎక్కడికీ పోవద్దని గట్టిగా చెప్పాలి." చెప్పడానికి అందరూ సిద్ధమే.

గోడక్క లేచింది. "ఉన్నచోటే తిరగమనడానికి అదేమన్నా తిరగలా? మీరు పిండి పోసుకుంటారా దాన్లో?" అంది. మగవాళ్లు గడ్డాలు గోక్కున్నారు.

"నేను వెళ్తే మీకు విసిరేదెవరక్కా?" అంది చెండుపిల్ల.

"నీకు ముందు ఇంకోతి విసిరింది. అది పోతే సూర్యుడు పొడవడం మానేశాడా? నీ తర్వాత ఇంకోతి విసురుతుంది. పెద్ద పొడిచేశావులే."

"మీ అందరికీ ఏమిచ్చి వెళ్లను?"

"నీ దగ్గరేముందే, ఆ చెయ్యి తప్ప? దాన్ని మాకిచ్చి నువ్వు మొండిచేత్తో వెళ్తావా? మూటకట్టుకుని పో."

చెండుపిల్ల గట్టు దిగింది. దిగేటప్పుడు ఏడ్చింది. సగం దూరం దిగాక కోట బయలు కనిపించి, ఏడవడం మరిచిపోయింది. అలా మరిచిపోయినందుకు సిగ్గుపడి మళ్లీ కొంచెం ఏడ్చింది.

కోటలో ఆమెకు కొత్త చీర ఇచ్చారు, కొత్త చెండు ఇచ్చారు. తోలుచెండు. మేలైన పనివాడు కుట్టినది, ఎటు తిప్పినా ఒకటే బరువు. చెండుపిల్ల అలవాటు కొద్దీ దాన్ని అరచేతిలో తిప్పింది. బరువెటుందో దొరకలేదు. ఇంకోసారి తిప్పింది. అప్పటికే అవతలివాళ్లు మీదపడి ఆమెను నేలమీద పరిచారు.

తర్వాతిసారి వెతక్కుండానే విసిరింది. కానీ మణికట్టు ఊరుకోదు కదా. లేని బరువుకి ఎదురుగా తనే వంగింది. చెండు పరిగెత్తేదాన్ని వదిలేసి చూసేవాళ్లలోకి పోయి, ఒక పెద్దమనిషి తలపాగా ఎగరగొట్టింది. కోట ఘొల్లుమని నవ్వింది.

వారాలు గడిచాయి, అదే వరస. ఆటపెద్ద ఆమెను పిలిచాడు. "తిరునాళ్లలో తొలి ఆట నువ్వే విసురుతావు. గెలిపిస్తే ఇక్కడుంటావు. లేకపోతే నీ కొత్త చీర మడతపెట్టి ఇచ్చి వెళ్లిపో. అంతే," అన్నాడు.

చెండుపిల్లకు భయం పట్టుకుంది. వెనక్కి పోవడం గురించి కాదు. ఊరు ఆమెను పొమ్మనదు. కానీ ఆ చెయ్యి ఎంత దూరం విసరగలదో తెలీకుండానే పాతబడిపోతుంది. ఇంటింటి గుడ్డా తీసుకుని, గోడక్క కాసిన దెబ్బలన్నీ తీసుకుని, చివరికి ఏమీ చెయ్యని చెయ్యి అయిపోతుంది.

ఆమె రాకముందు కోటలో విసిరే చోటు ఒక వెండిగాజులామెది. ఇప్పుడామె ఒక పక్కన కూచుని జట్టుకి నీళ్లు అందిస్తోంది. చెండుపిల్ల తోలుచెండును తిప్పి తిప్పి చూడడం ఆమె కంటబడింది.

"ఏం వెతుకుతున్నావమ్మా అందులో? గారెలేమన్నా దాచారా?"

"బరువెటుందా అని చూస్తున్నా."

వెండిగాజులామె పకపకా నవ్వింది. "మా చెండు నున్నన తల్లీ. వంకరలన్నీ మా మనుషుల్లో ఉన్నాయి. వెళ్లి వాళ్లని తిప్పి చూసుకో."

ఆమె వెటకారానికే అంది. చెండుపిల్ల మాత్రం ఆ మాట పట్టుకుని బయలుకేసి తిరిగింది.

చూసింది. అందరికంటే వేగంగా పరిగెత్తే పొడుగుపిల్ల ప్రతిసారీ చివర్లో ఎడమకి ఒరుగుతోంది. కుడివైపు అరుగు మీద వాళ్లత్త కూచుని ఉంటుంది మరి. ఇంకొకామె ఎవరన్నా అరిస్తే ఒక అంగ ఆగుతుంది. ఇంకొకామె చెండు పైనించి వస్తే కళ్లు మూసుకుంటుంది, తక్కువ ఎత్తులో వస్తే పులిలా పడుతుంది. ఒకరిలో గొంగళి, ఒకరిలో నూలు. కోటలో ఇన్నాళ్లూ విసిరినవాళ్లు చెండునే చూసి విసిరారు. అంత చక్కటి చెండు ఉంటే ఎవరైనా దాన్నే చూస్తారు.

మర్నాడు చెండుపిల్ల చెండును తిప్పలేదు. పొడుగుపిల్లను చూసి, ఆమె అత్తను చూసి, వాళ్లిద్దరికీ సరిపడా ఎడమకి విసిరింది. చెండు వెళ్లి చేతుల్లో కూచుంది. పొడుగుపిల్ల దాన్ని పట్టుకుని, ఎక్కడినించి వచ్చిందో తెలియనట్టు చూసింది.

చెండుపిల్ల వచ్చి వెండిగాజులామె చేతులు పట్టుకుంది. "నీ మేలు మరిచిపోను," అంది.

"నేనేం మేలు చేశానే? తిట్టాను," అంది వెండిగాజులామె బిత్తరపోయి. కానీ చేతులు వెనక్కి తీసుకోలేదు. ఆ రోజు మొదలు ఇద్దరూ కలిసి కూచుని మనుషుల వంకరలు చూసుకునేవాళ్లు. ఒకళ్ల మీద ఒకళ్లు చాడీలు చెప్పుకునే ఆ కోటలో ఇంత పనికొచ్చే కబుర్లు అంతకుముందు ఎవరూ చెప్పుకోలేదు.

తిరునాళ్లు వచ్చాయి. తొలి ఆట సులువుగా ఉండాలని ఆటపెద్ద ఒక చిన్న జట్టును పిలిపించాడు. ఆ చిన్న జట్టు గట్టువూరిది.

ఆట రోజు పొద్దున్నే చెండుపిల్ల నది ఒడ్డుకి పరిగెత్తింది. గట్టువూరివాళ్లు అక్కడ దిగి సద్దిమూటలు విప్పుతున్నారు. ఆమెను చూసి అందరూ ఒక్కసారిగా మాట్లాడారు, చీర బాగుందన్నారు, చిక్కిపోయావన్నారు, నోట్లో ముద్దలు పెట్టారు. గోడక్క మాత్రం తినడం ఆపకుండా, "వచ్చావా మహారాణీ," అంది.

గోడక్క నీళ్లకుండ ఎత్తింది. కుడిచేత్తోనే ఎత్తింది. ఎడమచెయ్యి భుజం దాటి లేవలేదు.

"అదేంటక్కా?"

"నువ్వు వెళ్లే ముందు ఏడు, నీ మీదికొస్తున్న అవతలి జట్టు దున్నపోతును ఆపాను చూడు, అప్పుడు ఎముక కదిలింది. అతుక్కుంది. పైకి లేవదంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి? గట్టు దిగకుండా నా భుజానికి నూనె రాస్తూ కూచునేదానివి. నూనె దండగ, నువ్వు దండగ."

చెండుపిల్ల ఆ భుజానికేసి చూసింది. "ఇవాళ నాకు ఎదురుగా ఎవరొస్తున్నారు?"

"ఇంకెవరు? నేనే."

"అయితే నీ ఎడమవైపు విసరను."

గోడక్క కుండ కింద పెట్టింది. "విను. జాలిపడి విసిరావంటే ఆ చెయ్యి నేనే విరుస్తా. అన్నేళ్లు నీ ముందు నిలబడ్డాను కదా, నువ్వు విసరడం ఒక్కసారన్నా చూశానా?"

చెండుపిల్ల ఆలోచించి, తల అడ్డంగా ఊపింది.

"నా వీపెప్పుడూ నీ వైపే ఉండేది. వెనకాల ఊరు కేకపెడితే, ఓహో బాగా విసిరినట్టుందిలే అనుకునేదాన్ని. ఇవాళ మొదటిసారి నీకు ఎదురుగా నిలబడతా. నాకు చూడాలనుందే. నిండుగా విసురు. సగం విసిరి నన్ను మోసం చెయ్యకు."

ఆట మొదలైంది. గట్టువూరివాళ్లు చచ్చేట్టు ఆడారు. వాళ్లలో కొత్తగా విసిరే పిల్ల, మొహమంతా కళ్లే ఉన్న పిల్ల, బాగా విసిరింది. పొద్దు వాలేదాకా ఇరువైపులా సమానంగా నడిచింది. ఇక ఒక్క విసురుకే సమయం ఉందని కొమ్ము ఊదారు. చెండు చెండుపిల్ల చేతిలో ఉంది, పొడుగుపిల్ల ఆ చివరికి పరుగు తీస్తోంది. కోట అడ్డు చీల్చుకుని గోడక్క మీదికొస్తోంది.

చెండుపిల్ల చూసింది. కుడిపక్క దారి మూసుకుపోయింది. తెరిచి ఉన్నది ఒకటే దారి, గోడక్క ఎడమభుజం మీదుగా. ఆ దారి తెరిచింది తన మీద పడాల్సిన దెబ్బే.

గోడక్క ఒక్క పిసరు కూడా తగ్గలేదు. బలమంతా పెట్టి ఎగిరింది, ఎడమచెయ్యి ఎత్తబోయింది. అది లేవలేదు. ఆమె కళ్లు మాత్రం పండక్కి ఎదురుచూసే పిల్లల కళ్లలా విచ్చుకుని చెండుపిల్ల చేతిమీదే ఉన్నాయి.

చెండుపిల్ల నిండుగా విసిరింది.

చెండు ఆ భుజం మీదుగా పోయింది. బయలు సగం దాటింది, ముప్పాతిక దాటింది. కోటలో చెప్పేవాళ్లంతా చెప్పడం మానేశారు. గోడక్క నేలమీద పడి, పడ్డచోటే తిరిగి, మోచేతుల మీద లేచి, చెండు పోయినంత దూరమూ చూసింది. ఆ చివర గీత అవతల, కాస్త ఎడమగా, పొడుగుపిల్ల చేతుల్లోకి అది దిగేదాకా చూసింది.

"ఓసి నీ అమ్మ కడుపు చల్లగుండ!" అని అరిచింది. అరిచి, కుడిచేత్తో నేలను కొట్టుకుంటూ నవ్వింది. చెండుపిల్ల వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడి, లేవని ఆ భుజాన్ని కళ్లకద్దుకుంది.

"చాల్లే, దుమ్ము. కొత్త చీర," అంది గోడక్క.

కోటవాళ్లు చెండుపిల్ల మెడలో పూలదండ వేశారు. ఆటపెద్ద ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే గట్టువూరివాళ్లను సాగనంపడానికి కోట వాకిలి దాకా నడుస్తోంది. వాళ్లు డప్పు కొడుతున్నారు, చిందులు వేస్తున్నారు, గోడక్క ఆ విసురును చేత్తో గాలిలో గీసి పదే పదే చూపిస్తోంది, చూసినవాళ్లకీ చూడనివాళ్లకీ.

వాకిలి కాసేవాడు పాపం ఆట చూడలేదు. తలుపు వేసే వేళయింది. డప్పు విని, "ఎవరు గెలిచారు?" అని అడిగాడు.

"మేమే," అంది గోడక్క.

అతను చెండుపిల్ల మెడలో కోట పూలదండ చూశాడు. తికమకపడ్డాడు. "మరి ఓడిందెవరు?"

"అదీ మేమే. ఇంకోళ్లకెందుకిస్తాం?" అంటూ గోడక్క వాకిలి దాటింది. డప్పు గట్టుకేసి సాగిపోయింది. చెండుపిల్ల గడప మీదే నిలబడిపోయింది.

"అమ్మా, తలుపెయ్యాలి," అన్నాడు వాకిలి కాసేవాడు. "నువ్వు లోపలిదానివా, బయటిదానివా?"

ఆమె వినలేదు. గట్టు మలుపులో డప్పు ఇంకా వినిపిస్తోంది. వాకిలి కాసేవాడు అడ్డగడియ రెండు చేతుల్తో పట్టుకుని, ఇన్నేళ్లూ తను వేస్తున్న ఆ తలుపుకేసి కొత్తగా చూస్తూ నిలబడ్డాడు.