గంప కింద గవ్వ

ఏం చూశారు? చెప్పండి. నిన్న సాయంత్రం మీ పిల్లలు మీ ఎదురుగానే కూర్చున్నారు కదా, వాళ్ల మొహంలో ఏం చూశారు? గుర్తులేదా? అయితే ఈ కథ మీకే. పిల్లలూ, మీరూ దగ్గరికి రండి.

అనగనగా అంటే మరీ పాత అనగనగా కాదు, ఊరికొక్క టీవీ ఉన్న అనగనగా. అప్పుడు వరహాలు అని ఒక మనిషి ఉండేది. పిల్లల బడిలో ఆయా. టీవీలో పిల్లల కార్యక్రమం పెట్టాలని ఎవరో పెద్దలు వెతికి వెతికి ఆవిణ్ని తీసుకెళ్లి కూర్చోబెట్టారు. ఆవిడకి పాట రాదు, ఆట రాదు. ఉన్నదల్లా ఒక గంప.

రోజూ సాయంత్రం ఒక వస్తువు చూపించేది. దాని మీద గంప బోర్లించేది. "ఏం చూశావు తల్లీ? చెప్పు. నేనాగుతాను" అనేది. అని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆగేది. నిజంగానే ఆగేది. ఊరూరా పిల్లలు "చీపురు" అనో "తాటికాయ" అనో అరిచేవాళ్లు. అప్పుడు తలూపి "విన్నాను తల్లీ" అనేది.

సముద్రం ఒడ్డున ఒక పల్లెలో చిలకమ్మ అని ఒక పిల్ల ఉండేది. ఆరేళ్లొచ్చినా పలుకు లేదు. తల్లి పోతే అవ్వ ఎర్రయ్యమ్మ పెంచుతోంది. ఆ పిల్లని ఎవరేమడిగినా, అది నోరు విప్పేలోపు పక్కవాళ్లే జవాబు చెప్పేసేవాళ్లు. పైగా "పేరు చిలక, గొంతు చేప" అని ఎకసెక్కాలు.

"దాన్ని ముందు కూర్చోబెట్టకే అవ్వా, టీవీ కూడా మూగబోతుంది" అనేవాడు పంచాయతీ టీవీకి కాపలా ఉండే కావలివాడు.

"నీ నోట్లో సగం దానికిస్తే ఇద్దరికీ సరిపోయేదిరా" అనేది అవ్వ.

వరహాలు ఆగినప్పుడు మాత్రం ఆ పిల్ల పెదవులు కదిలేవి. కొన్నాళ్లు పెదవులు కదిలాయి. కొన్నాళ్లకి నోట్లోంచి గాలి వచ్చింది. ఇంకొన్నాళ్లకి గొంతులో గరగర వచ్చింది. ఇవాళో రేపో పలుకుతుందని అవ్వ కూడు మాని కూర్చునేది.

అక్కడ పట్నంలో టీవీ పెద్దాయన వరహాలు దగ్గరికి మూడుసార్లు వచ్చాడు.

మొదటిసారి, "నువ్వలా ఊరుకుంటే టీవీ చెడిపోయిందనుకుంటున్నారమ్మా జనం" అన్నాడు.

"పిల్లలు చెబుతున్నారు బాబూ" అంది.

రెండోసారి, "వాళ్లు చెప్పేది నీకెలా వినపడుతుందమ్మా?" అన్నాడు.

"నాకు వినపడక్కర్లేదు బాబూ. వాళ్లు చెబితే చాలు."

మూడోసారి, "సరేలే, నీ ఇష్టం" అన్నాడు. ఆవిడ ఎప్పట్లాగే ఆగింది. ఆవిడ ఇంటికెళ్లాక, రికార్డు చేసిన టేపులోంచి ఆవిడ ఆగినంత మేరా కోసి పారేశాడు. వరహాలు ఇంట్లో టీవీ లేదు. ఆవిడకేం తెలుసు?

ఆ సాయంత్రం టీవీలో గవ్వ చూపించింది. గంప బోర్లించింది. "ఏం చూశావు తల్లీ? చెప్పు. నేనాగుతాను."

చిలకమ్మ నోరు తెరిచింది.

"విన్నాను తల్లీ" అనేసింది టీవీ.

తెరిచిన నోరు మూసుకుపోయింది. మర్నాడూ అంతే. మూడోనాడు పిల్ల టీవీకి వీపు పెట్టి కూర్చుంది.

అవ్వ బస్సెక్కి పట్నం పోయింది. వరహాలు ఇంటి గుమ్మంలో నిలబడి, "పిల్ల చెప్పకుండానే విన్నానంటావేమమ్మా? లోకమంతా దాన్ని తోసుకుంటూ పోయింది. నువ్వూ అంతేనా?" అని అడిగింది.

"నేనాగానే అవ్వా" అంది వరహాలు. అన్నాక అర్థమైంది, తను ఆగిన చోటల్లా టీవీవాళ్లు కోసేశారని. గంప చంకన పెట్టుకుని అవ్వ వెంట పల్లెకి వచ్చేసింది. మళ్లీ టీవీ గడప తొక్కలేదు.

పిల్ల ముందు అదే గవ్వ పెట్టి గంప బోర్లించింది. అడిగింది. ఆగింది. ఒక రోజు ఆగింది, రెండు రోజులు ఆగింది. మూడో రోజు పిల్ల ఇటు తిరిగింది, అంతే. పలకలేదు.

"చెప్పేదాకా గంప తియ్యొద్దవ్వా" అని చెప్పి వరహాలు వెళ్లిపోయింది. ఆ వానాకాలమే జ్వరమొచ్చి కన్నుమూసింది.

టీవీవాళ్లు ఆవిడ బొమ్మకి దండేశారు. గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న బొమ్మ. "మన వరహాలు కోసం కాసేపు మౌనం" అన్నారు. బతికుండగా కోసి పారేసిన ఆ మౌనాన్నే, చచ్చాక పూలు చుట్టి ఇచ్చారు. సిగ్గులేని లోకం.

టీవీ ఊరుకుంది. ఊరూ ఊరుకుంది. కావలివాడు కూడా నోరు మూసుకున్నాడు.

"గవ్వ" అంది చిలకమ్మ.

విన్నాను తల్లీ అనాల్సిన మనిషి లేదు. అవ్వ ఏడుస్తూ ఇంటికెళ్లి గంప తీసింది.

ఇప్పటికీ ఆ ఒడ్డున పిల్లల్ని ఏదైనా అడిగితే పెద్దవాళ్లు గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటారు. మధ్యలో ఎవరైనా నోరు పెడితే "గంప తియ్యకు" అని కసురుతారు. జవాబు తప్పో ఒప్పో, ముందు "విన్నాను తల్లీ" అంటారు. ఈ కథ చెప్పినవాళ్లు కూడా చివర ఒక మాట అడిగి నోరు మూసుకోవాలి.

అడుగుతున్నాను. మీరు ఆగని పూట, మీ ఇంట్లో తెరుచుకుని మూసుకుపోయిన నోరు ఎవరిది?