వకీలు ఓబన్న జీతం

తుమ్మచెట్ల బీడులో జంతువులకు తగువొస్తే ఎద్దు బసవయ్య తీర్పు చెప్పేవాడు. నష్టపోయినవాళ్ల తరఫున వాదించడానికి బీడంతటికీ ఒక్కడే వకీలు, కుక్క ఓబన్న. వాసన పట్టేదీ, సాక్షుల్ని పిలిచేదీ, వాదించేదీ వాడే. జీతమంటారా, ఎవరి దయ వాళ్లది. పాపం, డొక్కలు బయటపడ్డాయి.

మేక చెంగమ్మ కూన ముసురు వెలిసిన నాటి నుంచి కనపడడం లేదు. పోయిన వేసవిలో అది బండ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే బసవయ్యే వీపున వేసుకుని ఇంటికి చేర్చాడు. అతికిన కాలితో కుంటుతూనే గెంతేది. చెంగమ్మ అనుమానం నక్క బావ మీద. మర్నాడు ఓబన్న వెళ్లి నక్క బొరియ దగ్గర వాసన చూడాలి.

ఈలోగా బసవయ్య అందర్నీ వాగు ఒడ్డుకు పిలిచాడు.

"వకీలుకి జీతం ఎంతివ్వాలి, తోడు ఎవర్ని పెట్టాలి, ఇవాళ తేల్చేద్దాం."

"ఇప్పుడిచ్చేది చాలదా? అరవడానికేగా!" అంది గొర్రె.

"అదేం మాట వదినా!" నక్క బావ లేచాడు. "మన కోసం గొంతు చించుకునేవాణ్ని పస్తు పెడతామా? రోజూ ఎముక నేనిస్తా. తోడుకి మా తమ్ముడి కొడుకులున్నారు. వాసన చూసే పని వాళ్లకొదిలెయ్యండి. ఈ బురదలో ఓబన్న తిరగాలా?"

అందరూ భేష్ అన్నారు. ఓబన్న తోక ఊగింది.

చెంగమ్మ చెవులు నిక్కాయి. చచ్చిన ఎలుకలో కూడా వాటా పెట్టనివాడు. ఇంత ధర్మబుద్ధి ఎక్కణ్నుంచి ఊడిపడింది?

"ఎముకలెక్కడివి బావా?"

"ఎక్కడివేంటి మరదలా! నా కష్టార్జితం. బొరియలో నేను పోగేసుకున్నవే."

చెంగమ్మకి లెక్క అందింది. ఓబన్న నమిలాక ఎముకన్నది పొడి కూడా మిగలదు. రేపు బొరియ దగ్గర వాసన చూసేది నక్క పిల్లలు. ఇక తన కూన ఏమైందో చెప్పేదెవరు?

అరవాలనిపించింది. అరవలేదు.

"మంచి మాటన్నావు బావా. ఆ ఇచ్చేదేదో బయానాగా ఇప్పుడే, అందరి ముందూ ఇయ్యి. పేరు నీకొస్తుంది. వకీలు కూడా ఆకలి మీదున్నాడు."

నక్క బావ కళ్లు మెరిశాయి. రేపటికి బొరియ ఖాళీ అయిపోతుందంటే అంతకన్నా ఏం కావాలి! పరుగున వెళ్లాడు, నోటికి పట్టినన్ని ఎముకలు తెచ్చి ఇసుకలో కుప్ప పోశాడు.

ఓబన్నకి చొంగ కారింది. సన్నటి కాలి ఎముకొకటి నోట పట్టాడు.

"దించు ఓబన్నా," అంది చెంగమ్మ.

"ఆకలి, వదినా..."

"తెలుసు. మధ్యలో ఆ ముడి చూసి, అప్పుడు తిను."

విరిగి అతుక్కున్న చోట ఎముక ముడి కట్టి ఉంది. బసవయ్య వంగి చూశాడు.

"నేను మోసుకొచ్చిన పిల్లే," అన్నాడు.

ఓబన్న దవడ నెమ్మదిగా తెరుచుకుంది. ఎముక ఇసుకలో పడింది.

"అది... అది వాగులో కొట్టుకొచ్చిందేమో!" అన్నాడు నక్క బావ.

"నీ కష్టార్జితమన్నావుగా ఇందాక?" అంది చెంగమ్మ.

నక్క బావ అటూ ఇటూ చూశాడు. వెనక గేదెల కొమ్ములు. ముందు ఓబన్న కోరలు. ఉద్యోగాలకని ముస్తాబై వచ్చిన తమ్ముడి కొడుకులు అప్పటికే వాగు దాటేశారు. ఓబన్న ఖాళీ కడుపుతోనే వాదించాడు. పొద్దు వాలకముందే నక్క బావని కూడా వాగు దాటించి తరిమేశారు, మళ్లీ ఈ గట్టు తొక్కితే చావేనని చెప్పి.

తర్వాత జీతం తేల్చారు. ఇంటింటి నుంచీ వాటా, ఒక్కరి చేతి మీదుగా కాదు, అందరి ముందూ. తోడుకి కాకి. ముందుగా తలూపింది గొర్రే.

"ఇవాళ్టి వాటా నాది," అంది చెంగమ్మ.

పొదుగు నిండి సలుపుతోంది. తాగేవాళ్లు లేరు.

ఓబన్న తల దించుకుని తాగాడు.

మన తరఫున వాదించేవాడి కడుపు మనం నింపకపోతే, మనకు అన్యాయం చేసినవాడు వచ్చి నింపుతాడు.